శైవలాలలో కణ అస్థిపంజరం

శైవలాలలో కణ అస్థిపంజరం అనేది ఆ జీవుల కణద్రవ్యంలో వ్యాపించి ఉండే ప్రోటీను నాళికల, తంతువుల అల్లిక. కణం ఏ దిక్కున సాగాలి, ఎక్కడ మొలక వేయాలి, ఎక్కడ రెండుగా చీలాలి, చివరకు ఏ ఆకారం పొందాలి అన్నవి చాలావరకు దీని అమరికపై ఆధారపడి ఉంటాయి. ఈ అల్లికలో ముఖ్యమైనవి రెండు: సూక్ష్మనాళికలు, ఆక్టిన్ తంతువులు. చెరువు నీటిపై తేలే పాచి మొదలుకొని సముద్రపు రాళ్ళను పట్టుకొని పెరిగే గోధుమవర్ణ శైవలాల వరకు, కేంద్రకం గల శైవలాలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో కణ అస్థిపంజరం ఉంటుంది.

పేరులో అస్థిపంజరం అని ఉన్నప్పటికీ దీనిని ఎముకల గూడు వంటిదిగా భావించరాదు. ఎముకలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. సూక్ష్మనాళికలు నిమిషాలలో ఏర్పడి నిమిషాలలో కరిగిపోగలవు. పైగా అత్యధిక శైవలాలలో ఆకారాన్ని మోసేది కణ అస్థిపంజరం కాదు, కణం చుట్టూ ఉండే గట్టి కణకవచం. కణంలోని జీవపదార్థాన్ని తీసివేసినా ఖాళీ కవచం అదే ఆకారంలో మిగులుతుంది. అయితే ఆ కవచాన్ని ఎక్కడ, ఏ దిశలో కట్టాలో చెప్పేది కణ అస్థిపంజరమే. భవనం లేచేటప్పుడు కట్టే పరంజాతో దీనిని పోల్చవచ్చు. గోడ నిలిచాక పరంజా విప్పివేసినా గోడ పడిపోదు. కాని పరంజా లేనిదే ఆ గోడ అక్కడ ఆ తీరున లేచేది కాదు.

నిర్మాణం

సూక్ష్మనాళికలు బోలుగా ఉండే గొట్టాలు. వీటి బయటి వ్యాసం సుమారు 25 నానోమీటర్లు. ఆల్ఫా ట్యూబ్యులిన్, బీటా ట్యూబ్యులిన్ అనే రెండు ప్రోటీనులు జంటగా కలిసి, ఆ జంటలు ఒకదానిపై ఒకటి వరుసగా పేర్చబడి, అటువంటి వరుసలు సాధారణంగా 13 పక్కపక్కన చేరి ఒక గొట్టం ఏర్పడుతుంది. ఆక్టిన్ తంతువులు ఇంతకంటే సన్ననివి, వ్యాసం సుమారు 7 నానోమీటర్లు. ఆక్టిన్ అణువులు రెండు పేటల దారం వలె మెలికపడి ఈ తంతువులు తయారవుతాయి. రెండింటికీ రెండు కొసలు ఒకే విధంగా ఉండవు. ఒక కొస వేగంగా పెరుగుతుంది, రెండవది నెమ్మదిగా పెరుగుతుంది లేదా కరుగుతుంది. ఈ దిశాభేదం వల్లనే వీటిపై నడిచే కైనెసిన్, డైనీన్, మయోసిన్ వంటి చోదక ప్రోటీనులకు ఏ వైపు వెళ్ళాలో తెలుస్తుంది.

జంతుకణాలలో కనిపించే మూడవ రకం తంతువులు, అనగా 10 నానోమీటర్ల మధ్యస్థ తంతువులు, ఆకుపచ్చ శైవలాల కణద్రవ్యంలో లేవు. మన వెంట్రుకలలో, గోళ్ళలో ఉండే కెరాటిన్ ఆ రకానికి చెందినది. కణకవచం ఉన్న జీవులకు అంతటి బలమైన లోపలి తాళ్ళ అవసరం లేకపోవడం దీనికి కారణం కావచ్చు.

స్ఫీత పీడనం - కణకవచం

శైవల కణం పెరగడానికి బలం లోపలి నీటి ఒత్తిడి నుండి వస్తుంది. దీనిని స్ఫీత పీడనం అంటారు. మంచినీటిలో పెరిగే కారా, నైటెల్లా జాతుల పెద్ద కణాలలో ఇది ఐదారు వాతావరణ పీడనాలకు సమానం. ఈ ఒత్తిడి అన్ని దిక్కులా ఒకే విధంగా పనిచేస్తుంది. అందుచేత కవచం అంతటా ఒకే బలంతో ఉంటే కణం బంతి వలె గుండ్రంగా ఉబ్బాలి. వాస్తవానికి శైవలాలలో పొడవైన గొట్టాలు, నెలవంకలు, నక్షత్రాలు, కొమ్మల పోగులు కనిపిస్తాయి. ఒత్తిడికి దిక్కు లేదు కనుక ఆకారానికి కావలసిన దిక్కు కవచం నుండే రావాలి.

గొట్టం ఆకారపు కణంలో ఈ సమస్య మరింత స్పష్టం. స్థూపాకారపు పాత్రలో ఒత్తిడి నింపినప్పుడు దాని గోడపై చుట్టుదిశలో పడే బిగువు, పొడవు దిశలో పడే బిగువుకు సరిగ్గా రెండింతలు ఉంటుంది. కవచం అన్ని దిశలలో సమానంగా సాగేదైతే అటువంటి కణం పొడవుకంటే లావుగా పెరగాలి. అలా కాకుండా పొడవుగా పెరగాలంటే పీపా చుట్టూ బిగించిన ఇనుప పట్టీల వలె, కణం చుట్టూ అడ్డంగా బలమైన పోగులు ఉండాలి. నైటెల్లా కవచంలో సరిగ్గా ఈ పని చేసేవి సెల్యులోజ్ పోగులు. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ప్లాస్మాత్వచానికి వెలుపల తయారయ్యే ఈ పోగులకు అడ్డంగా పడాలని ఎవరు చెబుతున్నారు?

నైటెల్లా ప్రయోగం

ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో ముఖ్యుడు అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు పాల్ గ్రీన్. ఆయన ఎంచుకొన్న నైటెల్లాలో రెండు కణుపుల మధ్య భాగమంతా ఒకే ఒక్క కణం. అది కొన్ని సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది కనుక కంటితో చూస్తూ కొలవవచ్చు. పెరుగుతున్న కణానికి గ్రీన్ కాల్చిసిన్ అనే మందును ఇచ్చాడు. కణవిభజన సమయంలో కేంద్రకం వద్ద ఏర్పడే కండె తంతువులను ఆ మందు చెరిపివేస్తుందని అప్పటికే తెలుసు. నైటెల్లా కణుపుమధ్యమ కణం విభజన చెందదు కాబట్టి దానిపై కాల్చిసిన్ ప్రభావం ఉండరాదు. కాని ప్రభావం కనిపించింది. కొత్తగా పేరుకొనే సెల్యులోజ్ పోగులు అడ్డుగా కాక ఎటుపడితే అటు పడసాగాయి. కణం పొడవుగా సాగడం మాని ఉబ్బసాగింది.

ఈ ఫలితాన్ని 1962లో సైన్స్ పత్రికలో ప్రచురిస్తూ గ్రీన్ ఒక ఊహ చేశాడు. కండె తంతువులను పోలిన ప్రోటీను నిర్మాణాలు కణకవచానికి ఆనుకొని ఉన్న కణద్రవ్యపు పలుచని పొరలో కూడా ఉండి, పోగుల దిశను నిర్ణయిస్తున్నాయన్నది దాని సారాంశం. అప్పటికి అక్కడ అటువంటివి ఎవరూ చూడలేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం కణాలను సిద్ధం చేయడానికి వాడుతున్న రసాయనాలు వాటిని కరిగించివేయడమే దీనికి కారణం. గ్లుటరాల్డిహైడ్ వాడకం మొదలయ్యాక, 1963లో మైరన్ లెడ్‌బెటర్, కీత్ పోర్టర్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని మొక్కల వేరుకొనలలో ప్లాస్మాత్వచానికి సరిగ్గా క్రింద, సెల్యులోజ్ పోగులకు సమాంతరంగా ఉన్న గొట్టాలను చూసి వాటికి సూక్ష్మనాళికలు అని పేరు పెట్టారు. ఒక శైవలం ఉబ్బిన తీరును బట్టి కంటికి కనబడని భాగాన్ని ముందే ఊహించిన ఈ ఉదంతం కణశాస్త్ర చరిత్రలో ఇంకా ఎక్కువ ప్రచారానికి నోచుకోవలసినది.

తరువాత జరిగిన పరిశోధనలలో, పెరుగుతున్న నైటెల్లా కణంలో సూక్ష్మనాళికలు పొడవు దిశకు అడ్డంగా ఉంటాయని, పెరుగుదల ఆగిన కణంలో ఆ క్రమం చెదరిపోతుందని తేలింది. కవచం మందమంతా పెరుగుదల దిశను నిర్ణయించదనీ, లోపలివైపు నుండి కొత్తగా పేరుకొన్న నాలుగవ వంతు మాత్రమే నిర్ణయిస్తుందనీ 1980లో రిచ్‌మండ్, మెత్రో, టైజ్ అనేవారు చూపారు. పాత పొరలు సాగి, పలుచబడి, బయటికి నెట్టబడతాయి. కాబట్టి కణ అస్థిపంజరం ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు; పెరుగుదల సాగినంతకాలం చెబుతూనే ఉండాలి.

సెల్యులోజ్ పోగులను తయారుచేసే ఎంజైము సముదాయాలు ప్లాస్మాత్వచంలో పొదగబడి ఉంటాయి. నైటెల్లా, మైక్రాస్టీరియాస్ వంటి శైవలాలలోనూ నేలమొక్కలలోనూ ఇవి ఆరు రేకుల పువ్వు ఆకారంలో, ఊసిస్టిస్, వెలోనియా వంటి శైవలాలలో వరుస గీతల వలె ఉంటాయి. పోగును వెలుపలికి అల్లుతూ ఈ సముదాయం త్వచంలో ముందుకు జరుగుతుంది. అది సూక్ష్మనాళికల దారి వెంటనే జరుగుతుందని 2006లో పరేడెజ్, సోమర్‌విల్, ఎర్‌హార్ట్ అనేవారు అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ప్రత్యక్షంగా చూపారు. అయితే సూక్ష్మనాళికలు చెదిరినా కొంతకాలం పోగులు క్రమంగానే పడుతున్న సందర్భాలు కూడా తెలిశాయి. అందుచేత నాళికలు రైలు పట్టాల వలె ప్రతి పోగునూ నడుపుతాయనడం కంటే, దిశను మొదలుపెట్టి సరిదిద్దుతూ ఉంటాయనడం సబబు.

ఊసిస్టిస్: పడుగు, పేక

ఊసిస్టిస్ కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే ఆకుపచ్చ సూక్ష్మశైవలం. దీని కవచంలో సెల్యులోజ్ పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఒక పొరలోని పోగులన్నీ ఒకే దిశలో, దాని ప్రక్క పొరలోని పోగులు దానికి దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. సిరిసిల్ల వంటి మరమగ్గాల పట్టణంలోని పాఠకులకు దీనిని పడుగు, పేక అని చెబితే సరిపోతుంది. తేడా ఏమిటంటే, బట్టలో వలె ఇక్కడ పోగులు ఒకదాని క్రింద నుండి ఒకటి దూరవు. పడుగు పొర మొత్తం పడిన తరువాత దానిపై పేక పొర మొత్తం పడుతుంది.

ఈ శైవలానికి కాల్చిసిన్ ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితం నైటెల్లాకు భిన్నమైనది. పోగులు చెల్లాచెదురు కాలేదు. అవి చక్కగా సమాంతరంగానే పడ్డాయి, కాని దిశ మారడం ఆగిపోయింది. పేక లేకుండా పడుగు మీద పడుగు పడినట్లయింది. మందును కడిగివేసినప్పుడు దిశ మార్పు తిరిగి మొదలైంది. దీనినిబట్టి ఊసిస్టిస్‌లో పోగులను సమాంతరంగా ఉంచడానికి సూక్ష్మనాళికలు అవసరం లేదనీ, దిశను మలుపు తిప్పడానికి మాత్రం అవసరమనీ అర్థమవుతుంది. ఒకే మందు, ఒకే ప్రోటీను, రెండు శైవలాలలో రెండు వేర్వేరు పాత్రలు.

మైక్రాస్టీరియాస్

డెస్మిడ్ల వర్గానికి చెందిన మైక్రాస్టీరియాస్ నక్షత్రాన్ని పోలిన ఏకకణ శైవలం. దీని పెద్ద జాతులు సుమారు 200 మైక్రాన్ల పరిమాణంలో ఉండి, మంచి చూపు గలవారికి నీటిలో ఆకుపచ్చ చుక్కగా కనిపిస్తాయి. కణం అద్దంలో ప్రతిబింబం వలె ఉండే రెండు సగాలతో ఏర్పడుతుంది. విభజనలో ఒక్కొక్క సగం విడిపోయి, తనకు లేని రెండవ సగాన్ని కొత్తగా పెంచుకొంటుంది. మొదట నున్నని బుడగ వలె పైకి వచ్చిన కొత్త భాగం, నాలుగైదు గంటలలో చీలికల మీద చీలికలు వేసి పాత సగానికి నకలుగా మారుతుంది. కళ్ళెదుట ఒక కణం తన ఆకారాన్ని తానే చెక్కుకోవడం చూడగలిగే అవకాశం కలగడం వల్ల ఇది పరిశోధకులకు ప్రియమైనది.

ఇక్కడ సూక్ష్మనాళికలను చెరిపివేస్తే కేంద్రకం తన చోటు నుండి తప్పుకొంటుంది గాని, నక్షత్రపు చీలికలు ఏర్పడటం ఆగదు. ఆక్టిన్ తంతువులను దెబ్బతీసే సైటోకలాసిన్ వంటి పదార్థాలు ఇస్తే మాత్రం ఆకారం పాడవుతుంది లేదా పెరుగుదల నిలిచిపోతుంది. కవచానికి కావలసిన సామగ్రిని మోసుకువచ్చే చిన్న సంచులను పెరుగుతున్న కొసలకు చేర్చేది ఆక్టిన్ వ్యవస్థే. పెరిగే కొసల వద్ద కాల్షియం కూడా ఎక్కువగా పోగుపడుతుంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఓస్వాల్డ్ కీర్‌మాయర్, ఆ తరువాత ఉర్సులా మైండ్ల్ ఈ శైవలంపై దశాబ్దాలపాటు పనిచేశారు.

ఇంతకుముందే ఫిన్లాండుకు చెందిన హారీ వారిస్, పావో కల్లియో కేంద్రకం లేని మైక్రాస్టీరియాస్ సగాలను తయారుచేసి, అవి కూడా సరళమైన రూపంలో తమ్మెలను ఏర్పరచగలవని గమనించారు. కొత్త సగానికి కావలసిన నమూనాలో కొంత భాగం పాత కవచంలో, దానికి ఆనుకొని ఉన్న కణద్రవ్యంలో నిలిచి ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది. అది ఏ రూపంలో నిలిచి ఉంటుందనే ప్రశ్న పూర్తిగా తీరలేదు.

గోధుమవర్ణ శైవలాలు

గోధుమవర్ణ శైవలాలు ఆకుపచ్చ శైవలాలకు దగ్గరి బంధువులు కావు. వీటి పరిణామ శాఖ వేరు. కణ అస్థిపంజరం విషయంలోనూ ఈ తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. వీటి కణాలలో సూక్ష్మనాళికలు కేంద్రకం ప్రక్కనున్న తారావత్కేంద్రం నుండి జంతుకణాలలో వలె కిరణాలుగా బయలుదేరుతాయి. ప్లాస్మాత్వచం క్రింద క్రమంగా పరచుకొన్న నాళికల పొర ఉండదు. మరి సెల్యులోజ్ పోగుల దిశను ఏది నిర్ణయిస్తుంది? స్పాసెలేరియా అనే శైవలంపై గ్రీసు దేశపు పరిశోధకులు కారియోఫిల్లిస్, కట్సారోస్, గలాటిస్ చేసిన పని 2000లో వెలువడింది. త్వచం క్రింద ఉన్న ఆక్టిన్ తంతువులు కొత్తగా పడే పోగులకు సమాంతరంగా ఉన్నాయనీ, ఆక్టిన్‌ను చెరిపివేస్తే పోగుల క్రమం చెదురుతుందనీ వారు చూపారు. ఆకుపచ్చ శైవలాలలో సూక్ష్మనాళికలు చేసే పనిని ఇక్కడ ఆక్టిన్ చేస్తున్నదన్నమాట.

చల్లని సముద్రాలలో పెరిగే ఫ్యూకస్ యొక్క సంయుక్తబీజం మరొక ప్రసిద్ధ ఉదాహరణ. ఫలదీకరణ తరువాత ఇది ఏ గుర్తులూ లేని గోళం. ఒకవైపు నుండి వెలుతురు పడితే, కొన్ని గంటలలో నీడవైపున వేరువంటి మొలక పుడుతుంది. ఆ మొలక పుట్టే చోట ఆక్టిన్ ముందే చేరుతుంది; ఆక్టిన్‌ను అడ్డుకొంటే దిశ ఏర్పడదు. 1988లో క్రోఫ్, క్లోరెగ్, క్వాట్రానో ఇంకొక విషయం కనుగొన్నారు. కణకవచాన్ని తొలగించిన సంయుక్తబీజం వెలుతురును బట్టి దిశను ఎంచుకొంటుంది గాని, దానిని స్థిరపరచుకోలేదు. వెలుతురు దిక్కు మారిస్తే తన దిశను మార్చివేస్తుంది. కణ అస్థిపంజరం కవచాన్ని నడపడమే కాక, కవచం కూడా కణ అస్థిపంజరాన్ని పట్టి ఉంచుతున్నదని ఈ ప్రయోగం చెబుతున్నది. ఫ్యూకస్ మన తీరంలో దొరకదు. దాని క్రమానికే చెందిన సర్గాసం మాత్రం విశాఖపట్నం తీరపు రాళ్ళపై విరివిగా కనిపిస్తుంది.

కారా: కణద్రవ్య ప్రవాహం

కారా, నైటెల్లా కణాలలో కణద్రవ్యం ఆగకుండా ఒకవైపు పైకి, మరొకవైపు క్రిందికి ప్రవహిస్తూ ఉంటుంది. ఇటలీకి చెందిన బొనవెంతురా కోర్తి 1774లోనే దీనిని గమనించాడు. ప్రవాహ వేగం సెకనుకు 50 నుండి 100 మైక్రాన్ల వరకు ఉంటుంది. ఇంత వేగం ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. చిన్న అణువు తనంతట తాను నీటిలో వ్యాపిస్తూ ఒక సెంటీమీటరు దూరం చేరడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. అదే దూరాన్ని సెకనుకు 70 మైక్రాన్ల ప్రవాహం రెండున్నర నిమిషాలలో దాటిస్తుంది. ఈ ఏర్పాటు లేనిదే సెంటీమీటర్ల పొడవున్న ఏకకణం బ్రతకడం అసాధ్యం.

ఈ ప్రవాహానికి మూలం ఆక్టిన్ తంతువుల కట్టలు. కవచానికి ఆనుకొని కదలకుండా ఉండే హరితరేణువుల వరుసల లోపలివైపున ఇవి అతుక్కొని ఉంటాయి. వీటిపై మయోసిన్ అణువులు పరుగెడుతూ తమతో కణాంగాలను, వాటితోపాటు కణద్రవ్యాన్ని లాగుకొనిపోతాయి. కారా మయోసిన్ మన కండరాలలోని మయోసిన్ కంటే సుమారు పదింతలు వేగవంతమైనది. 1956లో జపాను శాస్త్రజ్ఞులు కామియా, కురోడా ప్రవాహాన్ని పుట్టించే బలం ఈ సరిహద్దులోనే ఉన్నదని నిరూపించారు. ఆ తంతువులు ఆక్టినే అని 1970వ దశకంలో తేలింది. 1983లో అమెరికాలో మైకేల్ షీట్స్, జేమ్స్ స్పుడిచ్ కోసి తెరచిన నైటెల్లా కణంలోని ఆక్టిన్ కట్టలపై కండరాల మయోసిన్ పూసిన సూక్ష్మమైన పూసలను వేసి, అవి వాటంతట అవే నడవడం చూశారు. జంతువు కండరం నుండి తీసిన ప్రోటీను ఒక నాచుమొక్క లోపలి దారులపై పనిచేయడం ఈ ప్రోటీనులు ఎంత పురాతనమైనవో తెలుపుతుంది. చోదక ప్రోటీనులపై పరిశోధనకు గాను వారిద్దరికీ, రొనాల్డ్ వేల్‌కూ 2012లో లాస్కర్ పురస్కారం లభించింది.

కారా మొక్కను బురదలో నిలిపే వేరువంటి పోగులు కొసలో మాత్రమే పెరుగుతాయి. ఆ కొస దగ్గర బేరియం సల్ఫేటు రేణువులు ఆక్టిన్ తంతువుల పట్టులో వ్రేలాడుతూ ఉంటాయి. పోగును ప్రక్కకు వంచితే రేణువులు క్రిందివైపుకు జారి, ఆ వైపు పెరుగుదలను తగ్గిస్తాయి. పోగు తిరిగి భూమివైపుకు వంగుతుంది.

కణకవచం లేని, పలుచని శైవలాలు

గట్టి సెల్యులోజ్ కవచం లేని శైవలాలలో కణ అస్థిపంజరం నిజంగానే అస్థిపంజరం పాత్ర వహిస్తుంది. ఉప్పుమడులలో నీటిని ఎర్రబరచే డునాలియెల్లాకు కవచం లేదు; పై త్వచం క్రింద ఉన్న సూక్ష్మనాళికలే దాని కోలరూపానికి ఆధారం. యూగ్లీనా పైపొర ప్రోటీను పట్టీలతో ఏర్పడుతుంది. ప్రతి పట్టీ క్రిందా సూక్ష్మనాళికలు ఉంటాయి, పట్టీలు ఒకదానిపై ఒకటి జారడం వల్ల యూగ్లీనా తన ఆకారాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చుకోగలదు. డయాటమ్‌లలో గాజువంటి సిలికా పెంకు ఒక సంచిలో అచ్చుపోసినట్లు తయారవుతుంది. ఆ సంచి అంచులను ఆక్టిన్, సూక్ష్మనాళికలు మలుస్తాయి.

క్లామిడోమోనాస్‌కు కవచం ఉన్నా అందులో సెల్యులోజ్ లేదు. దీని రెండు కశాభాలలోనూ తొమ్మిది జంటలు, మధ్యలో రెండు చొప్పున సూక్ష్మనాళికలు ఉంటాయి. కశాభాలు తెగిపోతే ఒకటి రెండు గంటలలో తిరిగి పెరుగుతాయి. వాటి లోపల సామగ్రి ఇటూ అటూ రవాణా కావడాన్ని 1993లో యేల్ విశ్వవిద్యాలయంలోని జోయెల్ రోసెన్‌బామ్ బృందం మొదట చూసింది. ఆ రవాణాకు అవసరమైన ఒక శైవల జన్యువు, ఎలుకలలో మూత్రపిండాలను తిత్తులతో నింపే వ్యాధికి కారణమైన జన్యువు ఒకటేనని 2000లో తేలింది. మానవులలో వచ్చే అటువంటి వ్యాధుల అవగాహన ఈ శైవలం నుండి మలుపు తిరిగింది.

కణవిభజన

విభజన చివర కొత్త అడ్డుగోడ ఏర్పడే విధానం ఆకుపచ్చ శైవలాలలో రెండు రకాలు. క్లామిడోమోనాస్ వంటి వాటిలో సూక్ష్మనాళికలు కొత్త గోడ తలానికి సమాంతరంగా పరచుకొంటాయి. కారా వంటి వాటిలో, నేలమొక్కలలో అవి ఆ తలానికి లంబంగా నిలుస్తాయి. స్పైరోగైరాలో గోడ అంచుల నుండి లోపలికి పెరుగుతూ వచ్చి, మధ్యలో మాత్రం నేలమొక్కల పద్ధతిలో ముగుస్తుంది. 1970వ దశకం ఆరంభంలో జెరెమీ పికెట్-హీప్స్ ఈ భేదాలను ఆధారం చేసుకొని, నేలమొక్కలు కారా వైపు శాఖ నుండి పుట్టాయని వాదించాడు. తరువాత వచ్చిన జన్యు ఆధారాలు ఆ శాఖనే సమర్థించాయి.

నీలి ఆకుపచ్చ శైవలాలుగా పిలువబడే సైనోబాక్టీరియాకు కేంద్రకం లేదు, అవి బాక్టీరియా. అయినా వాటిలో ట్యూబ్యులిన్‌కు బంధువైన ఎఫ్‌టిఎస్‌జెడ్, ఆక్టిన్‌కు బంధువైన ఎమ్ఆర్ఇబి అనే ప్రోటీనులు ఉన్నాయి. ఎమ్ఆర్ఇబి లోపించిన అనబీనా కణాలు తమ కోలరూపం కోల్పోయి గుండ్రమవుతాయి.

కాల్చిసిన్, కలుపు మందులు

గ్రీన్ వాడిన కాల్చిసిన్ తెలుగువారికి కొత్తది కాదు. తెలుగునాట అడవులలో, కంచెలపై ఎర్రని, పసుపుపచ్చని పూలతో ప్రాకే అడవినాభి తీగ దుంపలోను, గింజలలోను ఇది ఉంటుంది. ఈ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. జంతువుల ట్యూబ్యులిన్‌ను కాల్చిసిన్ అతి తక్కువ మోతాదులోనే పట్టుకొంటుంది. మొక్కల, శైవలాల ట్యూబ్యులిన్‌పై పనిచేయాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనవి డైనైట్రోఅనిలీన్ వర్గపు కలుపు మందులు. పత్తి, వేరుశనగ మొదలైన పంటలలో విత్తిన వెంటనే పిచికారీ చేసే పెండిమిథాలిన్ ఈ వర్గానిదే. మొక్కల, శైవలాల ట్యూబ్యులిన్‌ను ఇది గట్టిగా పట్టుకొని సూక్ష్మనాళికలు ఏర్పడనివ్వదు; జంతువుల ట్యూబ్యులిన్‌పై దాదాపుగా పనిచేయదు. మొలకెత్తే కలుపు గింజ వేరుకొన ఉబ్బి, పొడవు పెరగక చనిపోవడం నైటెల్లా ఉబ్బిన కారణం వంటిదే. ఎల్యూసిన్ ఇండికా అనే కలుపు గడ్డిలో ఈ మందుకు లొంగని రకాలు పుట్టడానికి ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం కారణమని 1998లో కనుగొన్నారు. పెండిమిథాలిన్ నీటిలో బహు కొద్దిగా కరిగి, మట్టికి గట్టిగా అంటుకొంటుంది. అయినను వాననీటికి కొట్టుకొనిపోయే మట్టితో కుంటలకు, చెరువులకు చేరవచ్చు. అక్కడ దానికి మొదట గురి అయ్యేవి ఆకుపచ్చ శైవలాలు, అనగా చేపపిల్లల ఆహారానికి మొదటి మెట్టు. జంతువుల ట్యూబ్యులిన్‌ను తాకదు కనుక చేపలకు హాని లేదనుకోవడం కూడా పొరపాటు. ఇతర విధాలుగా ఇది చేపలకు విషమే.

తెలుగునాట పరిశీలన

తెలుగు ప్రాంతాలలో శైవలాల అధ్యయనం ప్రధానంగా జాతుల గుర్తింపు, ఆవరణశాస్త్రం వైపు సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఆర్. జాఫర్ హైదరాబాదు పరిసరాల చేపల చెరువులలోని శైవలాలపై 1960వ దశకంలో వరుస వ్యాసాలు ప్రచురించాడు. వి. వెంకటేశ్వర్లు మూసీనది శైవలాలను నీటి కాలుష్యంతో ముడిపెట్టి చేసిన అధ్యయనం 1969లో వెలువడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖపట్నం తీరపు శైవలాలపై 1964లోను, 1970లోను వ్యాసాలు వెలువరించారు. ఏ నీటిలో ఏ శైవలం దొరుకుతుందో తెలియడం ఇటువంటి పనివల్లనే సాధ్యం. కణ అస్థిపంజరపు పరిశోధనకు కావలసిన శైవలాన్ని కూడా ఎవరో ఒకరు మొదట నీటిలో గుర్తించవలసిందే.

సిరిసిల్ల మానేరు నది ఒడ్డున ఉన్నది. నర్మాల వద్ద ఎగువ మానేరు, మాన్వాడ వద్ద మధ్య మానేరు జలాశయాలు దానికి చేరువలో ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలకు శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువ నీరు, చెరువులు, వరిమడులు ఉన్నాయి. ఇటువంటి నిలకడ నీటిలో స్పైరోగైరా, క్లాస్టీరియం, యూగ్లీనా వంటివి, తేటనీటి అడుగున కారా, నైటెల్లా వెతకదగినవి. కారా ముట్టుకొంటే సున్నపు పొరవల్ల గరుకుగా ఉండి, ఘాటైన వాసన వేస్తుంది. వరిమడులలో దీనిని కలుపుగా పీకివేస్తారు.

కళాశాల ప్రయోగశాలలోని మామూలు సూక్ష్మదర్శినితో సూక్ష్మనాళికలు కనబడవు. ఆక్టిన్ పనిని మాత్రం చూడవచ్చు. కారా జాతులలో అనేకం కణుపుమధ్యమ కణం చుట్టూ మరొక కణాల తొడుగు కలిగి ఉంటాయి కనుక నైటెల్లా మేలు. కారాయే దొరికితే దాని ఆకువంటి భాగాల కొసలోని తొడుగులేని కణాలను తీసుకోవాలి. మొక్క పెరిగిన నీటినే ఒక చుక్క గాజుపలకపై వేసి, కణాన్ని నలగకుండా ఉంచి 100 రెట్లు పెంచి చూడాలి. తాకిడికి కణంలో విద్యుత్ ప్రేరణ కలిగి ప్రవాహం ఆగుతుంది కాబట్టి మొదట ఏమీ కదలనట్లు కనిపించవచ్చు. కొన్ని నిమిషాలు ఓపిక పడితే తిరిగి మొదలవుతుంది. బయట కదలని హరితరేణువుల వరుసలు, వాటి లోపల ఎదురెదురు దిశలలో పారే రెండు పాయలు, ఆ రెండింటి నడుమ హరితరేణువులు లేని తేట గీత కనిపిస్తాయి. వేసవిలో నీరు వెచ్చగా ఉన్నప్పుడు ప్రవాహం చలికాలంలో కంటే వేగంగా ఉంటుంది.